గర్భిణులు నెలకోసారి కలిసి కూర్చుంటే పసిబిడ్డల ప్రాణాలు నిలుస్తాయా? సోమందేపల్లె లాంటి చోట్ల తల్లులకు అండగా ఏమున్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో కానుపు అంటే ఇప్పుడు ఆసుపత్రే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కానీ అదే సర్వే మరో విషయం కూడా చెప్పింది. రాష్ట్రంలోని గర్భిణుల్లో సగానికి పైగా మందికి రక్తహీనత ఉంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సమస్య కనిపిస్తుంది. ఆసుపత్రిలో తల్లి ఉండేది కొన్ని రోజులే. మిగతా తొమ్మిది నెలలు, కానుపు తర్వాత నెలలు గడిచేది ఇంట్లోనే. ఏం తినాలి, మాత్ర వేసుకోవాలా వద్దా, బిడ్డకు ముర్రుపాలు పట్టాలా పిండి పారేయాలా, జ్వరం వస్తే ఎప్పుడు బయల్దేరాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి. అవి కూడా చాలాసార్లు గర్భిణి ఒక్కతే తీసుకునేవి కావు.

ఆ ఖాళీని పూరించడానికి పుట్టినవే గర్భిణులు, బాలింతల సహాయ సమూహాలు. ఇవి నిజంగా పనిచేస్తాయా? శ్రీసత్యసాయి జిల్లాలోని సోమందేపల్లె లాంటి కరవు ప్రాంత మండలంలో ఒక గర్భిణికి ఇలాంటి అండ ఎక్కడ దొరుకుతుంది? మీ చెల్లెలో, వదినో పల్లెలో కానుపుకు సిద్ధమవుతుంటే మీరు తెలుసుకోవాల్సింది ఏంటి?

సోమందేపల్లె ఎందుకు?

పెనుకొండ, హిందూపురం మధ్య 44వ నంబరు జాతీయ రహదారి వైపున్న మండల కేంద్రం సోమందేపల్లె. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగే వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఈ పీఠభూమి ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం. వాన పడితే శెనక్కాయ పంట, లేకపోతే బెంగళూరు దారి.

ఈ వలసే ఇక్కడ తల్లుల ఆరోగ్యానికి ముఖ్యమైన అడ్డంకుల్లో ఒకటి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం అందరూ ఊరిని పట్టుకుని పనిచేసేవారు. గర్భిణి మాత్రం ఒకే ఊళ్లో ఉండదు. పనికోసం నగరానికి వెళ్తుంది, అక్కడి నుంచి అత్తగారి ఊరికి వస్తుంది, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి చేరుతుంది. ప్రతి మలుపులోనూ ఆమె పేరు ఏదో ఒక రిజిస్టర్‌లోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

పల్లెలో ఇప్పటికే ఉన్నవి ఏంటి?

'గర్భిణుల సహాయ సమూహం' అని బోర్డు పెట్టుకున్న కార్యాలయం ఏ ఊళ్లోనూ కనిపించదు. ఆ పని నాలుగు ముక్కలుగా విడిపోయి ఉంది.

మొదటిది అంగన్‌వాడీ కేంద్రం. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఇవి నడుస్తున్నాయి. గర్భం అని తెలియగానే పేరు నమోదు చేయించాల్సింది ఇక్కడే. 2018లో వచ్చిన పోషణ్ అభియాన్ తర్వాత సామూహిక సీమంతాలు, అన్నప్రాసనలు కూడా కేంద్రాల్లో జరుగుతున్నాయి. గాజులు, పసుపుకుంకుమలతో పండగలా కనిపించే ఈ కార్యక్రమం అసలు ఉద్దేశం వేరు. ఆ పేరుతోనైనా గర్భిణితో పాటు అత్త, అమ్మ కేంద్రానికి వస్తారు. తిండి గురించి చెప్పే మాట వాళ్ల చెవిన కూడా పడుతుంది.

రెండోది గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినం. నెలకోసారి ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్త ముగ్గురూ ఒకేచోట ఉండే రోజు ఇది. బరువు, బీపీ, రక్తపరీక్ష, టీకాలు అన్నీ ఆ రోజే. ఊళ్లోని గర్భిణులంతా ఒకరినొకరు చూసుకునే రోజు కూడా ఇదే.

మూడోది ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ వ్యవస్థ వచ్చింది. 2016లో మొదలైన 'మా' కార్యక్రమం ప్రకారం తల్లిపాల గురించి తల్లులతో సమావేశాలు పెట్టే బాధ్యత కూడా ఆశాదే.

నాలుగోది డ్వాక్రా సంఘం. 10 నుంచి 15 మంది మహిళలు, వాళ్ల పైన గ్రామ సమాఖ్య, దాని పైన మండల సమాఖ్య. ఇది పొదుపు, అప్పుల వ్యవస్థే అయినా, నెలనెలా కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఊళ్లో అన్నిటికంటే గట్టిగా ఉన్నది దీనికే. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామ సమాఖ్యలే గర్భిణులు, బాలింతలకు పోషకాహార కేంద్రాలు నడిపాయి. తినేవాళ్లు ఖర్చులో కొంత భరించేవారు, వండి పెట్టేది కూడా ఊరి మహిళలే.

ఒక చిక్కు మాత్రం ఉంది. చాలా ఇళ్లలో డ్వాక్రా సభ్యురాలు అత్త. కడుపుతో ఉన్నది కోడలు. దీన్ని లోపంగానూ చూడొచ్చు, అవకాశంగానూ చూడొచ్చు. ఇంట్లో కోడలి పళ్లెంలో ఏం పడాలో నిర్ణయించే మనిషి నెలనెలా ఒక సమావేశానికి వస్తోందంటే, చెప్పాల్సిన మాట చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఏముంది?

కూర్చుని మాట్లాడుకుంటే ప్రాణాలు నిలుస్తాయా?

నిలిచాయని గట్టి రుజువులే ఉన్నాయి.

నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో ఊరి మహిళల సమూహాలపై జరిగిన పరిశోధన 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. సమూహాలు ఉన్న ప్రాంతాల్లో నెలలోపు శిశు మరణాలు దాదాపు 30 శాతం తక్కువగా నమోదయ్యాయి.

తర్వాత మన దేశంలో ఏక్‌జుట్ అనే సంస్థ జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా ఖర్సావాన్, ఒడిశాలోని కియోంఝర్ జిల్లాల్లో ఇదే పద్ధతిని పరీక్షించింది. 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడేళ్లలో నెలలోపు శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లు మాత్రమే చూస్తే తగ్గుదల 45 శాతం. మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు కూడా 57 శాతం తగ్గింది.

ఇక్కడ కొత్త ఆసుపత్రి కట్టలేదు. కొత్త మందు ఇవ్వలేదు. మరి ఏం చేశారు?

ఊరి మనిషే అయిన ఒక మహిళకు శిక్షణ ఇచ్చారు. ఆమె నెలకోసారి సమావేశం పెట్టేది. ఉపన్యాసం ఇవ్వదు. బొమ్మల కార్డులు, కథలు, ఆటలతో మాట నడిపిస్తుంది. ఉదాహరణకు 'ఫలానా ఇంట్లో బిడ్డ ఎందుకు దక్కలేదు?' అన్న కథ చెప్పి, ప్రతి జవాబుకూ 'అది ఎందుకు?' అని మళ్లీ అడుగుతుంది. జ్వరం వచ్చింది. ఎందుకు? బొడ్డు చీము పట్టింది. ఎందుకు? ఏదో పూశారు. ఎందుకు? ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారు. ఎందుకు? చేతిలో డబ్బు లేదు, బండి దొరకలేదు. ఇలా తవ్వుకుంటూ పోతే తాము మార్చగలిగింది ఏదో గుంపుకే అర్థమవుతుంది.

మొత్తం 20 సమావేశాలు, నాలుగు దశలు: సమస్య గుర్తించడం, ఉపాయం ఆలోచించడం, ఆచరించడం, ఫలితం చూసుకోవడం. ముఖ్యంగా మారింది ఇంట్లో పద్ధతులే. చేతుల శుభ్రత, బొడ్డు శుభ్రత, బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు మాత్రమే ఇవ్వడం.

భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఏడు పరిశోధనలను కలిపి 2013లో విశ్లేషించారు. ఆ తర్వాత 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వైద్యం సరిగా అందని గ్రామీణ ప్రాంతాలకు ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

మరి కొన్నిచోట్ల ఎందుకు ఫలించలేదు?

ఈ పద్ధతి ప్రతిచోటా గెలవలేదు. ఓడినచోటే మనకు ఎక్కువ పాఠం ఉంది.

బంగ్లాదేశ్‌లో తొలి ప్రయత్నం విఫలమైంది. అక్కడ దాదాపు 1,400 మందికి ఒక సమూహం ఉండేది. ఏక్‌జుట్ పనిచేసినచోట సుమారు 470 మందికే ఒకటి. అంటే బంగ్లాదేశ్‌లో సమావేశానికి రాగలిగిన గర్భిణులు చాలా తక్కువ. సమూహాల సంఖ్య బాగా పెంచి మళ్లీ చేస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో నెలలోపు మరణాలు 38 శాతం తగ్గాయి. ఏడు పరిశోధనల విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. ఊళ్లోని గర్భిణుల్లో కనీసం మూడో వంతు మంది వస్తేనే పెద్ద మార్పు కనిపించింది.

ముంబయి మురికివాడల్లోనూ ఇదే పద్ధతి ప్రయత్నించారు. 2012లో వచ్చిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పల్లెలో పనిచేసింది నగరంలో ఉన్నదున్నట్టుగా పనిచేయదని దీన్నిబట్టి తెలుస్తోంది.

అందుకే సోమందేపల్లె మండలంలోని ఏ ఊరి గురించైనా 'గర్భిణుల సమావేశం జరుగుతోందా?' అని అడిగితే సరిపోదు. 'ఎంతమంది వస్తున్నారు? వచ్చినవాళ్లు మాట్లాడుతున్నారా, వింటున్నారా?' అని అడగాలి. సంతకాలు పెట్టించి, ఫొటో తీసి, అప్‌లోడ్ చేసి ముగిసే సమావేశం రిజిస్టర్‌లో ఉంటుంది, ఊళ్లో ఉండదు.

సరుకులు ఇంటికి వచ్చాయి, మరి కూర్చునే చోటు?

2013 నుంచి అమృత హస్తం పేరుతో గర్భిణులు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే గుడ్డు, పాలతో పూట భోజనం పెట్టే పద్ధతి వచ్చింది. కోవిడ్ కాలంలో కేంద్రాలు మూతపడ్డాయి, సరుకులు ఇంటికి చేరాయి. తర్వాతి ఏళ్లలో 'టేక్ హోమ్ రేషన్' స్థిరపడింది. బియ్యం, కందిపప్పు, నూనె, నెలకు 25 గుడ్లు, 5 లీటర్ల పాలు, రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం లాంటివి ఇస్తూ వచ్చారు. ప్రభుత్వం మారితే పథకం పేరు, కిట్టు మీద బొమ్మ, ఒక్కోసారి సరుకుల జాబితా మారతాయి. అందుకే ఈ నెల ఏం వస్తాయో మీ కేంద్రంలోనే అడగడం మేలు.

దీనివల్ల లాభం ఉంది. పొద్దున్నే చేనికో, మగ్గం మీదికో వెళ్లే మనిషి మధ్యాహ్నం భోజనానికి కేంద్రానికి రావడం కష్టం. ఇప్పుడా ఇబ్బంది లేదు.

నష్టమూ ఉంది. కేంద్రంలో కూర్చుని తిన్న గుడ్డు తల్లి కడుపులోకే వెళ్తుంది. ఇంటికి వచ్చిన 25 గుడ్లు ఇంటిల్లిపాదికీ కూర అవుతాయి. రెండోది, పైకి కనిపించని నష్టం. రోజూ పది మంది గర్భిణులు ఒకచోట కూర్చునే అవకాశం పోయింది. 'నాకూ ఆ మాత్రతో కడుపులో తిప్పుతోంది, నువ్వేం చేస్తున్నావు?' అనే మాట పుట్టేది అలాంటి చోటే. ఆ మాట కోసం ఇప్పుడు విడిగా రోజు పెట్టుకోవాలి.

మరో మార్పు కూడా తెలుసుకోవాలి. 2025 జులై 1 నుంచి టేక్ హోమ్ రేషన్‌కు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ఆధార్ వివరాలు, ఫోన్ నంబరు సరిగా లేకపోతే ఇక్కడే ఇబ్బంది వస్తుంది. కాబట్టి గర్భం తెలిసిన తొలి నెలల్లోనే వాటిని సరిచూసుకోవాలి.

సమూహంలో మాట్లాడుకోవాల్సినవి ఏంటి?

ఇనుము మాత్రలు: నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు రోజుకొకటి, కానుపయ్యాక మరో 180 రోజులు. వికారం, నల్లటి విరేచనం చూసి చాలామంది మధ్యలో మానేస్తారు. మాత్రను టీ, కాఫీలతో కానీ కాల్షియం మాత్రతో కలిపి కానీ వేసుకోకూడదు. నిమ్మరసం లాంటివి తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రం. అప్పుడు మాత్రలతో సరిపెట్టకూడదు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పథ్యం: బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, పండ్లు, పప్పు, ఆకుకూరలు మాన్పించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, శెనక్కాయలు, బెల్లం ఈ నేల మీద దొరికే మంచి తిండే.

ముర్రుపాలు: పుట్టిన గంటలోపే పట్టాలి. పసుపుపచ్చగా, చిక్కగా ఉంటాయని పారేయకూడదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో 'పాపం, బిడ్డకు దాహం' అని నీళ్లు పట్టాల్సిన పని కూడా లేదు. ఎండాకాలమైనా తల్లిపాలలోనే కావాల్సిన నీరు ఉంటుంది.

బండి, డబ్బు, తోడు: నొప్పులు అర్ధరాత్రి వస్తే ఎవరిని లేపాలి? ఇంట్లో మిగతా పిల్లలను ఎవరు చూస్తారు? రక్తం ఇవ్వడానికి ఎవరున్నారు? సమూహం ముందే పేర్లు రాసుకోవాల్సిన ప్రశ్నలివి.

డబ్బు సాయం ఏముంది?

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. గర్భం నమోదై, కనీసం ఒక పరీక్ష జరిగాక 3,000. బిడ్డ పుట్టుక నమోదై, తొలి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. రేషన్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఎస్సీ, ఎస్టీ లాంటి అర్హతల్లో ఏదో ఒకటి ఉండాలి. జీతంతో ప్రసూతి సెలవు వచ్చే ప్రభుత్వ ఉద్యోగులకు ఇది వర్తించదు. డబ్బు తల్లి పేరున ఉన్న, ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే పడుతుంది. పెళ్లికి ముందు పేరు ఆధార్‌లో, పెళ్లి తర్వాత పేరు బ్యాంకులో ఉంటే సరిచేయించుకోండి. ఈ పథకం హెల్ప్‌లైన్ 14408.

ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఆసుపత్రిలో తిండి అన్నీ ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ఇచ్చిన హక్కు ఇది. ఏడాదిలోపు బిడ్డ వైద్యానికీ వర్తిస్తుంది. కానుపు తర్వాత ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కోసం 102, అత్యవసరమైతే 108.

పుట్టింటికి వెళ్తుంటే ఏం చేయాలి?

అత్తగారి ఊరి అంగన్‌వాడీ కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు బయల్దేరే ముందే చెప్పాలి. పోషణ్ ట్రాకర్‌లో పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. మార్చకపోతే ఇక్కడ పేరు ఉంటుంది, అక్కడ మనిషి ఉంటుంది, సరుకులు రెండుచోట్లా అందవు.

తల్లీబిడ్డల రక్షణ కార్డు చేతి సంచిలోనే ఉండాలి. బీపీ, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, స్కానింగ్ వివరాలు అందులో ఉంటాయి. కార్డు పోయే అవకాశం ఉంది కాబట్టి ప్రతి పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి. బెంగళూరులో ఉన్నా, సోమందేపల్లెలో ఉన్నా డాక్టరు ముందుగా అడిగేది అదే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. కొత్త ఊరికి చేరగానే వచ్చే 9వ తేదీని వదులుకోవద్దు.

కానుపు తర్వాత ఎవరు వస్తారు?

ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మరోసారి. బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు, తల్లి పరిస్థితి చూడటం ఆమె పని. పుట్టింట్లో ఉంటే అక్కడి ఆశాకు కబురు అందాలి. ఎవరూ రాకపోతే అడిగే హక్కు మీకుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆశా కోసం, సమావేశం కోసం ఎదురుచూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తల్లికి: రక్తస్రావం ఎక్కువగా ఉండటం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం లేదా చేతులు వాచడం, మూర్ఛ, జ్వరం, దుర్వాసనతో స్రావం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం.

బిడ్డకు: పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా జ్వరం, ఊపిరి వేగంగా తీయడం, డొక్కలు ఎగరడం, అరచేతులు, పాదాలు పచ్చబడటం, బొడ్డు దగ్గర చీము, మూర్ఛ.

ఇంకో లక్షణం ఎవరికీ కనిపించదు. కారణం లేకుండా ఏడుపు, నిద్ర పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే అది 'బాలింత నీరసం' కాదు, వైద్యం ఉన్న కుంగుబాటు. 'బిడ్డ పుట్టాక ఏడుపేంటి' అనే ఇంట్లో ఈ మాట బయటికి రాదు. అదే స్థితిలో ఉన్న మరో తల్లి దగ్గర వస్తుంది. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. తనకు కానీ, బిడ్డకు కానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నగరంలో ఉన్న మీరు ఏం చేయొచ్చు?

1956లో అమెరికాలో ఏడుగురు తల్లులు కలిసి పాలిచ్చే తల్లుల కోసం లా లెచే లీగ్ మొదలుపెట్టారు. డాక్టర్లు పాలపిండి డబ్బాలవైపు మొగ్గిన కాలం అది. బిడ్డకు పాలివ్వడం అప్పటికే నేర్చుకున్న తల్లి, కొత్త తల్లికి చెప్పడమే వాళ్ల పద్ధతి. అపార్ట్‌మెంట్‌లోనో, వాట్సాప్‌లోనో మీరున్న తల్లుల గ్రూపు అదే కుటుంబానికి చెందినది. మందుల మోతాదులు మాత్రం గ్రూపులో అడగకుండా డాక్టరును అడగాలి. మిగతావన్నీ అడగొచ్చు.

పల్లెలో ఉన్న మీ మనిషికి ఫోన్ చేసినప్పుడు 'బాగున్నావా?' అంటే 'బాగున్నా' అనే జవాబే వస్తుంది. బదులుగా నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. పోయినసారి హిమోగ్లోబిన్ ఎంత వచ్చింది? మాత్రలు ఈ నెల ఎన్ని మిగిలాయి? పుట్టింటి అంగన్‌వాడీలో పేరు ఎక్కిందా? ఊళ్లో నీతో పాటు కడుపుతో ఉన్నవాళ్లు ఎవరెవరు, వాళ్లతో మాట్లాడుతున్నావా?

చివరి ప్రశ్నకు ఆమె పేర్లు చెప్పగలిగితే, ఆ ఊళ్లో సమూహం ఉన్నట్టే.